బడి వాటా

నేను ఒక వెదురు గంపను. ముక్కు మూసుకోకండి బాబూ! చేపల గంపనే గానీ, ఒకప్పుడు మా పేటలో నాకున్న మర్యాద మీ ఇనప్పెట్టెలకు కూడా ఉండదు. మేదరి వీధిలో అల్లించి తెచ్చి, వలలు ఆరేసే ఒడ్డున నన్ను కూర్చోబెట్టి, పేట పెద్ద కారి గురువులు అందరికీ చెప్పాడు.

"ఇది బడి గంప. ఏ పడవొచ్చినా ముందల బడి వాటా ఇందల ఎయ్యాల. అడిగీవోడుండడు, సూసీవోడుండడు. బడి మనది."

సర్కారు బడి ఉప్పుటేటికి అవతల ఉంది. ఏరు పొంగితే చదువు ఆగినట్టే. అందుకని మగవాళ్లు తాటికమ్మలు మోసి పాక వేశారు, ఆడవాళ్లు గోడలు మెత్తారు, పేటలోనే ఉండే, ఇంటర్ పాసైన దానమ్మను పంతులమ్మను చేశారు. నాలో పడిన చేపలే ఆమె జీతం. పిల్లలు వంతులేసుకుని నన్ను పాక దాకా మోసేవారు. మధ్యాహ్నం తల్లులు కూడా వచ్చి పేరు రాయడం నేర్చుకున్నారు. తుఫాను కబురు చదివి చెప్పేదీ, తగవులు తీర్చేదీ ఆ పాకలోనే. గురువులు మనవరాలు రత్నాలు అక్కడే చదివి, ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు సిద్ధమవుతోంది. మా బడిలో అంతదాకా వచ్చిన మొదటి పిల్ల. ఒంటినిండా నీచు వాసనే అయినా నాకెంత గర్వమో!

అడిగేవాడు ఉండడన్నారు చూడండి, తంటా అక్కడే వచ్చింది. ఖరీదైన వంజరాలు పోయి చవక కవళ్లు వచ్చాయి. తర్వాత తల చితికినవి, ఆపైన కాకులు పొడిచినవి. పక్కవాడు మంచిది వేసుంటాడులే అని ప్రతివాడూ అనుకున్నాడు. చివరికి గురువులే ఒకనాడు అటూ ఇటూ చూసి, పిల్లి కూడా ముట్టని చేపను నాలో పడేసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఛీ! మూత ఉంటే మూసుకునేదాన్ని.

దానమ్మ ఆ చేపలు అమ్మబోతే కొన్నవాళ్లు లేరు. పిల్లల ఎదుటే నన్ను బోర్లించి, ఆ కుళ్లంతా ఇసుకలో పాతిపెట్టింది. ఏ చేప ఎవరి పడవదో పిల్లలకు తెలుసు. ఒక్కడూ తలెత్తలేదు. కొన్నాళ్లకు ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరింది, పాక మూతబడింది.

అప్పటికి గాని గురువులు కళ్లు తెరవలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను శుభ్రంగా కడిగి, పెద్ద వంజరాన్ని నాలో పడుకోబెట్టి, పాక ముందు నిలబడ్డాడు. షెడ్డు వ్యాను వచ్చింది. దానమ్మ ఎక్కింది. ఆమె వెనకాలే, టిఫిను డబ్బా పట్టుకుని, రత్నాలు.

"ఒలే రత్నాలూ, నువ్వెక్కడికే? బడికి వాటా తెచ్చినానే!"

"బడేది తాతా?" అంది పిల్ల. గొంతులో కోపం కూడా లేదు. "బేగి ఆ సేప ఇంటికి అట్టుకెల్లు. ఎండెక్కితే పాడైపోద్ది."

వ్యాను కదిలిపోయింది. ముసలాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఇసుకలో చతికిలబడ్డాడు. పేటంతా గుమ్మాల్లో నిలబడి నన్నే చూస్తోంది. నాలో నిగనిగలాడే వంజరం ఉంది. కుళ్లు మోసిన రోజుల్లో కూడా నాకింత సిగ్గు వేయలేదు.