గాలికెదురుగా చెక్కపిట్టలు

రాత్రి గాలి మళ్లింది. అందుకని మెర్ల్ బీల్ మోకాళ్లు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ, గడ్డిలో గుచ్చిన చెక్కపిట్టలను ఒక్కొక్కటే నైరుతికి తిప్పుతున్నాడు. టెర్న్ అనే సముద్రపు పిట్టలు గాలికి వీపు పెట్టి కూర్చోవు. అలా కూర్చున్న బొమ్మ కనిపిస్తే పైనుంచే మోసం పసిగట్టి పోతాయి. ఇవాళ ఈ బొమ్మలన్నీ పడవెక్కి ఒడ్డుకు పోవాలి, వాటితోపాటు మెర్ల్ కూడా. అయినా తిప్పుతున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారే, అలాంటిదన్నమాట.

దీపస్తంభం తనంతట తానే వెలగడం నేర్చాక దీవిలో మనిషి లేకుండా పోయాడు. గుడ్లు మింగే సీగల్స్ రాజ్యమేలాయి, టెర్నులు గూళ్లు మానేశాయి. వాటిని మళ్లీ రప్పించాలని పక్షుల సంఘంవాళ్లు, తోటి పిట్టలనుకుని దిగుతాయని ఈ బొమ్మలిచ్చి మెర్ల్‌ను కాపలా పెట్టారు. సముద్రంలో లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బుట్టలు లాగి లాగి మోకాళ్లు అరిగిపోయిన మనిషి. భార్య పోయాక ఎక్కడున్నా ఒకటే అనుకుని వచ్చాడు. ఏటా వేసవంతా సీగల్స్‌ను తరమడం, బొమ్మలకు రంగులేయడం, బీన్స్ ఉడకేసుకు తినడం. టెర్నులు వచ్చేవి, ఒక చుట్టు చుట్టి పోయేవి. ఈ ఏడూ గుడ్డు పడకపోతే ఇక చాలన్నారు సంఘంవాళ్లు. జూన్ అయిపోవస్తోంది, గుడ్డు జాడ లేదు.

పడవ తెచ్చినవాడు డ్వైట్, చెల్లెలి మొగుడు.

"ఏం బావా, ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు సర్దుతున్నావు? కానీ, పోటు తీస్తే పడవ రాళ్లకెక్కుద్ది."

"నోరు మూసుకుని ఆ పెట్టె పట్టు."

"కొయ్యపిట్టల చేత గుడ్లు పెట్టించేదాకా నువ్వు కదలవని మీ చెల్లెలు పందెం కాసిందిలే."

పడమటి అంచున బొమ్మను పీకబోయి మెర్ల్ వంగాడు. నెత్తిమీద ఠప్పున దెబ్బ పడింది. టోపీ ఎగిరిపోయింది. తడుముకుంటే వేలికి నెత్తురంటింది. పైన టెర్న్ కీచుమంటూ మళ్లీ దూకడానికి రెక్కలు మడిచింది.

"పొడిచిందా బావా?"

"పొడిచింది." మెర్ల్ నెత్తురంటిన వేలు చూపించాడు. "ఊరికే ఇంతలా పొడవదురా. ఇక్కడెక్కడో గుడ్డుంది."

కళ్లారా చూడాలని ప్రాణం కొట్టుకుంది. కానీ గడ్డి కదిపితే తల్లి బెదురుతుంది, సీగల్ కన్ను పడుతుంది. వేసిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి వచ్చేశాడు. పీకిన బొమ్మలను ఇవతలి అంచున మళ్లీ గుచ్చాడు.

"మరి టోపీ?"

"ఉండనీ. బొమ్మలు రావని సంఘంవాళ్లకి చెబుదాం. నా మోకాళ్లయిపోయాయి, గట్టిగా ఉన్నవాణ్ణెవణ్ణయినా రేపే పంపమందాం."

పడవ ఒడ్డునున్న జోన్స్‌పోర్ట్ వైపు మళ్లింది. మెర్ల్ తలమీద రుమాలు అదిమిపెట్టుకుని, సంతోషం పట్టలేక, దారంతా డ్వైట్‌ను తిడుతూనే కూర్చున్నాడు. దీవిలో గడ్డిమీద పాత ఉన్ని టోపీ బోర్లా పడి ఉంది, దానిమీద టెర్న్ వేసిన తెల్లటి రెట్ట ఇంకా ఆరలేదు.