వంకర కాదు, వాటం

నేను ఒక రసమట్టాన్ని. చెక్క ఒళ్లు, అందులో గాజు గొట్టం, గొట్టంలో ఒక గాలి బుడగ. బుడగ నడుమన నిలిస్తే నేల సమంగా ఉన్నట్టు. అంతకు మించి నాకేమీ తెలియదు. ఒక వడ్రంగి నన్ను చేశాడు, ఇద్దరు మేస్త్రులు అరగదీశారు. రెండో మేస్త్రి పని మానేస్తూ, తాను ఇల్లు కట్టిపెట్టిన వామనమూర్తిగారి చేతిలో నన్ను పెట్టి వెళ్లాడు. మనుషులు గోడల విషయంలో నన్ను నమ్ముతారు, తగవుల్లోకి మాత్రం పిలవరు.

తేదీలు నాకు నిలవవు గానీ జూన్ నాలుగు నిలిచింది. ఆ పొద్దున మూర్తిగారు చద్దన్నంలో మాగాయ కలుపుకుని తిని, కడిగిన తడి చేత్తోనే నన్ను తీశారు. భార్య శారదాంబ పోయి ఏడాది. ఆవిడ కుట్టుమిషను వసారాలో జల్లుకు తడుస్తోంది. వానలు ముదిరేలోగా దానికి పెరట్లో ఒక రేకుల గది వేయాలి. పెరడేమో ఎగుడుదిగుడు. గది వేద్దామనుకున్న చోట, ఆవిడ అంట్లు తోముకున్న సిమెంటు గట్టు అడ్డం.

"పెరడు నేలమట్టం చేయిస్తున్నానమ్మా" అని పక్క ఊళ్లో ఉన్న కూతురు హైమకు ఫోనులో చెప్పారు. మధ్యాహ్నానికల్లా ఆమె బస్సు దిగి, చెప్పులు విప్పకుండా పెరట్లోకి వచ్చింది.

"అమ్మ గట్టు కూలగొట్టేస్తావా నాన్నా? నీకు చేతులెలా వచ్చాయి?"

"నేలని మట్టం చేయడమే తల్లీ నేనన్నది."

"కాలేజీలో అందరికీ సమాసాలు విడదీసి చెప్పావుగా, నాకూ విడదీసి చెప్పాల్సింది!"

మూర్తిగారు నవ్వలేదు. విడదీసినా కలిపినా గట్టు పోయేదే. కూలికి వచ్చిన సింహాచలం అప్పటికే గునపం దానికి ఆనించి ఉంచాడు.

మూర్తిగారు నన్ను గట్టు మీద పెట్టారు. నా బుడగ ఒక పక్కకు పరుగెత్తింది.

"ఎలాగూ వంకరేనే, హైమా" అన్నారు, తనకు తాను నచ్చజెప్పుకుంటున్నట్టు.

"వంకర కాదు, వాటం. కడిగిన నీళ్లు అరటి పాదుకు పోవాలని అమ్మ దగ్గరుండి అలా ఏటవాలుగా సిమెంటు పోయించింది."

ఆయన గట్టు మీద చెంబెడు నీళ్లు పోశారు. ఎక్కడా నిలవకుండా, తెలిసిన దారిలా, నీళ్లు అరటి మొదట్లోకి వెళ్లిపోయాయి. నా బుడగ చెప్పనిది ఆ నీళ్లు చెప్పాయి.

"సింహాచలం, గట్టు జోలికి పోకు. గది అవతలికి జరుపుదాం."

"అటంతా గోతులే బాబుగారూ, శానా మట్టి తోలాల."

"తోలుదాం."

తోలారు. తడిపి దిమ్మిసతో కొట్టారు, నన్ను పెట్టి చూశారు, మళ్లీ తోలారు. బుడగ నడుమన నిలిచాక రేకులు లేచాయి. తొలి ముసురు పట్టిన సాయంత్రం కుట్టుమిషను లోపలికి చేరింది. నన్ను కూడా దాని బల్ల మీదే ఉంచారు. మూర్తిగారు చక్రాన్ని పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశారు.