సొఖోమ్ అత్త కొట్టు ముందు ఆగవలసిన బండి

రైలు పట్టాల మీద చిన్న ఇంజనుతో నడిచే వెదురు బండిని తోలడంలో మా తమ్ముడు వీరక్‌కు వంక పెట్టలేం, ఆపడంలోనే వంక. పట్టాల పక్కన నూడిల్స్ కొట్టు నడిపే సొఖోమ్ అత్త ఏళ్ల తరబడి అది చూస్తూనే ఉంది. ఆమె కూతురు చాన్‌థూను అడగడానికి పెద్దలను పంపితే ఒకే షరతు పెట్టింది: తాంబూలాల బండి కొట్టు ముందే ఆగాలి, దాటకూడదు. బండినే ఆపలేనివాడు సారా దగ్గర తనను తాను ఆపుకుంటాడా అని ఆమె సందేహం.

వీరక్ బడిపంతులు నారెత్‌ను ఆశ్రయించాడు. బ్రేకు పలకను ఒకే బలంతో తొక్కితే వేగం ఒకే తీరున తగ్గుతుందనీ, వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుందనీ ఆయన ఓపికగా చెప్పాడు. ఇద్దరూ ఖాళీ బండిని పరుగెత్తించి, ఆపి, కొలిచి, కొట్టుకు పాతిక మీటర్ల ఇవతల సున్నంతో గీత గీశారు. అక్కడ తొక్కితే బండి సరిగ్గా కొట్టు ముందు ఆగింది. ఒక లెక్క మనిషికి అంత ధైర్యం ఇవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

రానూపోనూ ఉన్నది ఒకే జత పట్టాలు. రెండు బండ్లు ఎదురుపడితే తేలిక బండిని విప్పి పక్కన పెట్టాలి. శుభకార్యానికి వెళ్తూ దిగి నిలబడడం మా పెద్దమ్మలకు నామోషీ. అందుకని బంధువులందరినీ, పళ్ల పళ్లేలను, పైగా బియ్యం బస్తాలను కూడా ఎక్కించాం. ఇటుకల బండివాళ్లు సైతం మమ్మల్ని చూసి మారు మాట్లాడకుండా విప్పుకున్నారు.

గీత వచ్చింది. వీరక్ తొక్కాడు. బండి నెమ్మదించసాగింది, ఏ తొందరా లేకుండా. ఖాళీ బండిని ఆపిన కాలే ఇప్పుడు మూడింతల బరువును ఆపాలని మాతోపాటు బండిలో ఉన్న నారెత్‌కు అప్పుడు తట్టింది.

“ఇంకొంచెం తొక్కు నాయనా.”

“ఉన్న కాలంతా తొక్కేశాను మాస్టారూ.”

సొఖోమ్ అత్త గరిటెతో నిలబడి ఉంది. మేమంతా చేతులు జోడించి, జోడించిన చేతులతోనే ఆమె ముందు నుంచి సాగిపోయాం. ఆగాలనుకోవడానికీ ఆగడానికీ మధ్య కొంత దూరం ఉంటుంది. అంతవరకు మర్యాదగా కూర్చోవడం తప్ప మనిషి చేయగలిగింది లేదు.

అరటితోట దగ్గర ఆగాం. పట్టుబట్టలు నలుగుతాయని పెద్దమ్మలు దిగలేదు. నేనూ నారెత్ దిగి చేయి వేయబోతే వీరక్ వద్దన్నాడు. ఒక్కడే బండిని వెనక్కి నెట్టుకుంటూ కొట్టు ముందుకు తెచ్చాడు.

“దాటావు,” అంది అత్త.

“దాటాను అత్తా.”

“మా ఆయన కూడా ఇట్లాగే బట్టంబాంగ్ పట్నం వైపు దాటిపోయాడు. ఇంకా వెనక్కి రాలేదు.” ఆమె వాడి చెమటను కాసేపు చూసి, బండి వైపు తిరిగింది. “దిగండమ్మా, పిల్లాడి నడుం విరిగేట్టుంది. చారు చల్లారుతోంది.”