లాంచీ మీద ఊపిన చేతులు

రేపు కోర్టులో సాక్ష్యమనగా ఈరోజు గిడ్డమ్మ లాంచీ ఎక్కింది. కొంగులో చేమంతులు మూటగట్టుకుంది. మొగుడు ఉరుకుందు నీళ్లపాలై సరిగ్గా ఏడాది. పోయిన చోటనే పూలు వదలాలని ఆమె పట్టు. తట్టలా గుండ్రంగా ఉండే పుట్టి పడవలో కాలుపెట్టే ధైర్యం ఆనాడే పోయింది. అందుకని, మొగుణ్ణి మింగిన లాంచీకే టికెట్టు తీసుకుంది. గుండె ఎంత రాయి చేసుకుందో ఏమో!

శ్రీశైలం డ్యాం వెనక నీళ్లలో మొగుడూ పెళ్లామూ కలిసి వల వేసేవాళ్లు. అక్కడి పుట్టివాళ్లకొక కట్టుబాటుంది. ఎదురుపడితే ఒకరు తువాలు ఊపుతారు. అవతలివాళ్లు చెయ్యి ఊపారంటే, 'చూశాను, నేనే తప్పుకుంటా' అని మాటిచ్చినట్టే. తాతల నాటి నుంచి ఆ మాట తప్పినవాడు లేడు. ఆరోజు లాంచీ ఎదురొస్తే గిడ్డమ్మ తువాలు ఊపింది. పై అంతస్తులో యాత్రికులు యాభైమంది చేతులు ఊపారు. అయినా లాంచీ తప్పుకోలేదు.

"చూసి గూడా మీదికి తోలినాడు సారూ," అని పోలీసుల ముందు చెప్పింది. లాంచీ నడిపే సరంగు సుంకన్న తనకు పుట్టి కనపడలేదని ఎంత మొత్తుకున్నా నమ్మినవాడు లేడు. అతని పని ఊడి, ఓబులేసుకు పోయింది. గిడ్డమ్మకు మాత్రం జాలి కలగలేదు. రేపు అదే మాట చెప్తే అతను జైలుకు పోతాడు. పోవాల్సిందే. ఏడాదిగా ఆమెను నిలబెట్టింది ఆ కసే.

లాంచీ సగం దూరం పోయింది. పై అంతస్తులో ముందు వరసలో కూర్చున్న గిడ్డమ్మకు ఎదురుగా ఒక పుట్టి కనపడింది. అందులో ఎవరో కొత్త జంట. ఆ పిల్ల తువాలు ఊపింది. చుట్టూ ఉన్నవాళ్లు సంబరంగా చేతులు ఊపారు. పుట్టిలో తెడ్డు ఆగిపోయింది.

గిడ్డమ్మకు పై ప్రాణం పైనే పోయింది. పడుతూ లేస్తూ మెట్లు దిగి సరంగు గదిలోకి దూరింది.

"ఓబులేసూ! ముందర పుట్టి ఉండాది, తిప్పు!"

"యాడక్కా?" అన్నాడు కొత్త సరంగు.

ఆమె అద్దంలోంచి చూసింది. ఎత్తుగా లాంచీ ముక్కు, దాని అవతల వట్టి నీళ్లు. ఇప్పుడే కళ్లారా చూసిన పుట్టి అక్కడ లేదు. ఓబులేసు ఆమె మాట మీదే చక్రం తిప్పి, ఇంజను ఆపేశాడు. అయినా లాంచీ ఆగలేదు, జారుకుంటూ పోతూనే ఉంది. చేతికందేంత దూరంలో పుట్టి అలలకు గిరగిరా తిరుగుతూ పక్కకు పోయింది.

"పైనోళ్లు ఊరికే చేతులూపుతారు, వాళ్లకేం తెలుసక్కా?" అన్నాడు ఓబులేసు చక్రం వదలకుండా. "ఈడ కూచుంటే ముక్కు ముందర వంద గజాలు ఏమీ కనపడదు. ఆపినా యాడో పోయి ఆగుతాది. పుట్టివాళ్లే దూరంగా తప్పుకోవల్ల."

గిడ్డమ్మ అక్కడే కూలబడింది. పూలు వదలాల్సిన చోటు ఎప్పుడు దాటిందో కూడా ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున కోర్టు వరండాలో సుంకన్న గోడకానుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. గిడ్డమ్మ తనే దగ్గరికి పోయింది.

"అన్నా, నువ్వు చూడలేదు. నిన్న నాకు తెలిసింది."

సుంకన్న తలెత్తాడు. "నిజమేనా గిడ్డమ్మా? అందరూ చూసినావు చూసినావు అంటాంటే, చూసే తోలినానేమో అని నాకే అనుమానమొచ్చె. ఏడాదిగా నన్ను నేనే నమ్మలేకుండా ఉండా," అని మోకాళ్ల మీద తలపెట్టుకుని ఏడ్చాడు.

ఆమెకూ ఏడుపొచ్చింది. అంతలో బంట్రోతు ఆమె పేరు పిలిచాడు.

బోనెక్కి, సుంకన్న చూడలేదని చెప్పింది. ముందు చెప్పింది తప్పంది. ఎవరైనా బెదిరించి ఈ మాట చెప్పిస్తున్నారా అని జడ్జి అడిగాడు.

"లేదు సామీ." ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట చెప్పడానికి ఆమె బోను కమ్మీ పట్టుకుంది. "ఆరోజు నా మొగుడు తప్పుకుందామని తెడ్డెత్తినాడు. 'ఉండు, చూసినార్లే' అని నేనే చెయ్యి పట్టుకుంటి. నా మాట ఏనాడూ తీసేసినోడు కాదు సామీ."