తుడిచేసిన భవనం

మేడల చుట్టూ గాలి ఎలా మళ్లుతుందో, ఎంత జోరుగా వీస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టి, గాలిమర ఎక్కడ పెడితే కరెంటు వస్తుందో చెప్పడం ఆమె ఉద్యోగం. తన మేనత్త ఉంటున్న ఏడంతస్తుల మేడ పని వచ్చినప్పుడు, దాని పక్కనున్న పన్నెండంతస్తుల భవనాన్ని కూడా కలిపితే లెక్కకు రెండు రోజులు పట్టేలా ఉంది. మొదటి విడతకు ఇది చాల్లే అని ఆ భవనాన్ని లెక్కలోంచి తుడిచేసి నడిపింది. గంటలో బొమ్మ వచ్చింది. మేడ నెత్తిన భగ్గుమనే ఎరుపు, అంటే బోలెడంత గాలి.

మేనేజరుకు ఎరుపంటే ప్రాణం. అందుకే ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ను ఎర్రసారు అంటారు. "ఇది ఉత్త నమూనా సార్" అని ఆమె అంటూండగానే బొమ్మ రిపోర్టుకెక్కింది. తర్వాత మారుద్దాంలే అనుకుని ఆమె సంతకం గిలికేసింది.

ఇవాళ పక్క భవనంతో సహా అసలు లెక్క తేలింది. అంతా నీలమే. గాలి ఆ భవనం వెనక ఊరికే సుడి తిరుగుతుంది, మరను తిప్పే సత్తా దానికి లేదు.

"నీలం ఎవడు చూస్తాడమ్మా, చప్పగా! ఎరుపే ఉండనీ" అన్నాడు ఎర్రసారు, పిన్నీసుతో పళ్లసందులు కెలుక్కుంటూ. పిన్నీసు కొసన వచ్చిందేదో తేరిపార చూసుకుని మళ్లీ నోట్లోనే పెట్టుకున్నాడు.

అత్త మోకాళ్లు అరిగిపోయాయి. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోయి ఏడో అంతస్తులో బందీ అయిపోతుంది. గాలిమర కరెంటు లిఫ్టుకే అని ఆ రిపోర్టు చూపించి కంపెనీవాళ్లు మేడవాళ్లకు మాటిచ్చారు. ఈలోగా అదే మేడలో కింద ఒక ఇల్లు ఖాళీ అయింది. మారేదీ మానేదీ అత్త ఈ సాయంత్రంలోగా చెప్పాలి.

ఆమె అత్త దగ్గరికి పరుగున వెళ్లింది. కింద ఖాళీ అయిన ఇంటి ముందు ఎవరిదో బీరువా దించుతున్నారు. కరెంటు లేదు. మెట్లెక్కుతుంటే సందులోని చెత్తకుప్ప కంపు ఏడో అంతస్తుదాకా వెంటే వచ్చింది. గాలి ఎక్కడికీ పోవడం లేదని ముక్కే చెప్పింది. ఆ కంపుకన్నా తన సంతకమే ఆమెకు ఎక్కువ రోతగా అనిపించింది.

"అత్తా, కిందికి మారిపో."

"పొద్దున్నే వద్దని చెప్పేశానే. కాగితం మీద నీ సంతకం చూశాక ఇంకా ఆలోచించేదేముంది?"

ఆమె జరిగిందంతా చెప్పేసింది, ఎర్రసారు మీద నెపం వేయకుండా. అత్త తిట్టలేదు. కిటికీ నిండా నిలబడ్డ పక్క భవనాన్ని చూస్తూ కాసేపు మోకాళ్లు రాసుకుంది.

"నా ఒళ్లో కూర్చుని దాని అంతస్తులు లెక్కపెట్టే కదే నువ్వు అంకెలు నేర్చుకున్నావ్" అంది చివరికి. "అదెలా మర్చిపోయావే?"

"మర్చిపోలేదత్తా, తెలిసే తుడిచేశాను" అంది ఆమె.