రికార్డు తిరగేసే మనిషి

"ఒకసారి తిరగెయ్యి," అంటారు మా ఆయన, సోఫాలోంచి కదలకుండా. అవి మామగారు వదిలివెళ్లిన పాత జాజ్ రికార్డులు. స్వింగ్ అంటారట ఆ రకాన్ని. ఒక గదినిండా వాయిద్యగాళ్లు కలిసి వాయిస్తుంటే కూర్చున్నవాళ్ల కాళ్లు వాటంతటవే ఆడతాయి. కాకపోతే ఆ నల్ల రికార్డులకు ఒక్కో వైపు ఒక్క పాటే. ఇలా మొదలైందో లేదో అలా అయిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు లేచి, ముల్లు ఎత్తి, రికార్డు తిరగేసి, మళ్లీ పెట్టాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఎవరో ఒకరు నేనే.

పగలంతా పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. కూర్చుంటాననడం మాటవరసకే. లోపల గంట మోగినప్పుడల్లా లేవాలి. ఇంట్లో గంట లేదు, అంతే తేడా. ఆదివారం సాయంత్రాలు ఆయన స్నేహితులు పాటలు వినడానికి వస్తారు. మా అత్తగారు కూడా సోఫాలో ఓ చివర కూర్చుని వింటారు. కాఫీ కలుపుతూ సగం పాట, కప్పులు కడుగుతూ సగం పాట నా చెవిన పడతాయి. ఏ పాటనీ మొదటినుంచి చివరిదాకా కూర్చుని విన్న పాపాన పోలేదు. ఎవరూ లేనప్పుడు పెట్టుకోవచ్చుగా అంటారేమో. రికార్డుల బీరువా తాళం ఆయన దగ్గరుంటుంది. నాకు తెలియదట, గీతలు పడతాయట. తిరగెయ్యడానికి మాత్రం బాగా తెలుసు!

అయినా ఆ సంగీతం నన్ను పట్టుకుంది. ఒక రికార్డు ఉంది, దాని రెండో వైపున అందరూ బుద్ధిగా ఒకే వరస వాయిస్తుంటారు. ఉన్నట్టుండి సన్నాయిలాంటి ఆ క్లారినెట్ ఒక్కటీ విడిపోయి పైకి ఎగబాకుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చిన్నప్పుడు అమ్మ నన్ను తిట్టేది. ఇక్కడ ఉలిపికట్టె తన దారిన పోతుంటే మిగతావాళ్లందరూ కింద తాళం వేస్తున్నారు. ఎంత అసూయపడ్డానో ఆ వాయించేవాడిమీద. ఆ సంబరం శిఖరానికి చేరే వేళకి నేను మాత్రం చేతులు తుడుచుకుని రికార్డు పక్కన నిలబడి ఉండాలి.

పోయిన ఆదివారం, ఆ రికార్డు మొదటి వైపు నడుస్తుండగా మా ఆయన స్నేహితులకు పాఠం మొదలుపెట్టారు.

"వెనక ఆ గిటారు విన్నారా? ఆ వాయించేవాడు పాపం ఒక్కసారి కూడా ముందుకు రాడు. కానీ అతను లేకపోతే బ్యాండు మొత్తం కూలిపోతుంది. మా ఆవిడ అచ్చం అలాంటిది."

అందరూ తలలూపారు. గొప్ప పొగడ్త అనుకుని ఆయన నావైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. అడిగారా ఎవరైనా, వెనక ఉండటం నాకిష్టమేనా అని?

"నాకు క్లారినెట్ ఇష్టం," అన్నాను. నవ్వారు. ట్రే బల్లమీద పెట్టి, వెళ్లి అత్తగారి పక్కన కూర్చున్నాను.

పాట అయిపోయింది. ముల్లు గరగరలాడుతోంది.

"తిరగెయ్యి," అన్నారు ఆయన.

"మీరు తిరగెయ్యండి. నేను వింటున్నాను."

లేవలేదు. స్నేహితుల్లో ఒకాయన మొహమాటంగా లేవబోయాడు. అత్తగారు చేత్తో ఆపి, కొడుకువైపు తిరిగారు.

"మీ నాన్నకి నేను తిరగేశాను. నీకిది తిరగేసింది. నీ కాళ్లకేం రోగం?"

ఇన్నేళ్లలో ఆవిడ నోట అలాంటి మాట వినలేదు. ఆయన లేచారు. తడబడి మళ్లీ అదే వైపు పెట్టారు.

"అది విన్నాం. రెండో వైపు," అన్నాను.

తిరగేశారు. నేను సోఫాలో వెనక్కి వాలాను. అత్తగారి కాలు మెల్లగా తాళం వేస్తోంది, నాదీ కలిసింది. క్లారినెట్ విడిపోయింది, పైకి, ఇంకా పైకి. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గేమీ పడలేదు. చివరి దరువుదాకా కూర్చునే విన్నాను.

ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆయన లేచి రికార్డు మీద చెయ్యి వేశారు.

"తిప్పొద్దు," అన్నాను. "నాకు ఇదే మళ్లీ కావాలి."