రెక్కల మీద సింధూరం

వాన మీద ఇన్నేళ్లు చదివిన స్నిగ్ధకు ఆ రోజు వాన మీద పట్టరాని కోపం వచ్చింది. కల్వకుర్తి దాటాక ఉన్న తమ ఊరి వాగు గట్టున నిలబడి ఉందామె. వాగు మధ్యలో బండ మీద, మోకాళ్ల లోతు నీళ్లలో, వాళ్ల నాయిన జంగయ్య. నీళ్ల మోటరు కొట్టుకుపోతుందని పొద్దున్నే వాగులో దిగాడు మహానుభావుడు. మోటరు పోయింది, మనిషి చిక్కుకున్నాడు. ఈ మబ్బులో హెలికాప్టర్ రాదని అధికారులు చెప్పేశారు.

రాదని ఆమెకూ తెలుసు. వానలో, మంచులో హెలికాప్టర్ రెక్కలకు ఏమవుతుందో బెంగళూరులో పరిశోధించడమే ఆమె ఉద్యోగం. దసరాకని వచ్చి, ముసురు పట్టడంతో ఇక్కడే ఆగిపోయింది.

ఇక మిగిలింది తమ్ముడు శ్రీశైలం చేలకు మందు కొట్టే డ్రోన్. మందు ట్యాంకు తీసేసి సన్నటి నైలాన్ తాడు కట్టి పంపితే చాలు. ఆ తాడు పట్టుకుని, దాని కొసకు కట్టిన లావు మోకునూ ట్రాక్టర్ ట్యూబునూ నాయిన లాక్కుంటాడు. వానకు బలం కాస్త తగ్గినా తాడు మోయడం దానికో లెక్క కాదని స్నిగ్ధ భరోసా ఇచ్చింది. అమ్మ గోవిందమ్మ ఆ మాట పట్టుకునే నిలబడింది. ఆమె చూపు మొగుడి మీదనుంచి కదలడం లేదు.

డ్రోన్ మనిషెత్తు లేచింది. అటూ ఇటూ ఊగి, మూలుగుతూ వచ్చి గట్టు మీదే కూలబడింది. స్నిగ్ధ పరుగున దాని దగ్గరికి వెళ్లింది. తన లెక్క తప్పదే! అవతల నీళ్లు నాయిన తొడల దాకా వచ్చాయి.

"అక్కా, బ్యాటరీ ఒక్కటే మిగిలింది. ఏం జేద్దాం?" అన్నాడు శ్రీశైలం.

ఆమె రెక్క మీద చెయ్యి వేసింది. గరుకుగా తగిలింది. వంగి చూసింది. అంచు పొడుగునా ఎర్రటి పెచ్చు, అందులో పాతుకున్న బియ్యపు గింజలు. దసరా నాడు ఆయుధపూజకు బొట్లు పెట్టమని అమ్మ అంటే, కుంకుమైతే వానకు నిలవదని, అంజన్న సింధూరం నూనెలో చిక్కగా కలిపి, నాలుగు రెక్కలకూ పూసి, అక్షింతలు అద్దింది ఎవరు? తనే. ముచ్చటగా ఉందని ఫోటో కూడా తీసుకుంది. ముసురుకు ఆ తర్వాత డ్రోన్ బయటికి తీయనే లేదు. రెక్క అంచు మీద ఇసుకంత గరుకున్నా గాలి చెదిరి బలం పోతుందని సదస్సుల్లో ఉపన్యాసాలిచ్చేదీ తనే. తగలెయ్య నా చదువు, అనుకుంది.

గోళ్లతో గీకింది. కొడవలి వీపుతో గీకింది. చున్నీని పెట్రోల్‌లో ముంచి తుడిచింది. నాలుగు రెక్కలూ నున్నగా తగిలే దాకా ఆపలేదు.

ఈసారి డ్రోన్ జివ్వున లేచింది. తాడు జంగయ్య చేతికందింది, వెనకే ట్యూబు. ఊరంతా కలిసి లాగితే ఒడ్డున పడి, పళ్లు టకటకలాడుతుండగా ఆయన అడిగిన మొదటి మాట, "మోటరు గిట్ట కనవడ్డదా?"

ఏడవాలో తిట్టాలో స్నిగ్ధకు తెలియలేదు.

గోవిందమ్మ వచ్చి కూతురి చేతులు రెండూ పట్టుకుంది. గోళ్ల సందుల్లో కూడా సింధూరమే. ఆ చేతుల్ని కళ్లకద్దుకుంది.

"అంజన్న సింధూరమే కాపాడింది బిడ్డా. రేపు మళ్ల నీ చేతులతోనే పుయ్యాలె."

ఈ చేతులే నాయినను వాగుకు అప్పజెప్పబోయాయని అమ్మకు ఎట్లా చెప్పడం? స్నిగ్ధ చేతులు వెనక్కి తీసుకోబోయింది. అమ్మ వదల్లేదు.